బెంచీ మీది మొగుళ్లు

ఒలీవియా నోటి ముందు నిలబడి గెలిచినవాళ్లు అమీర్‌పేటలో ఎవరూ లేరు. మైత్రీవనం పక్క సందులో, మూడో అంతస్తులో ఉన్న ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె కౌన్సెలర్. పేరుకు పెద్ద ఉద్యోగమే గానీ పని మాత్రం ఒకటే. మెట్లెక్కి వచ్చిన కుర్రాడు కోర్సులో చేరకుండా మెట్లు దిగకూడదు. ఆ సందుల్లో ఏ కోర్సయినా మొదటి రెండు మూడు రోజులు ఊరికే కూర్చుని వినొచ్చు. దాన్ని డెమో అంటారు. కుర్రాళ్లు పొద్దున ఒకచోట డెమో విని, కింద చాయ్ తాగి, మధ్యాహ్నం ఇంకోచోట డెమో వింటూ రోజులు వెళ్లదీస్తుంటారు. అలాంటివాళ్లను ఒడుపుగా పట్టి కుర్చీలో కూర్చోబెట్టడంలో ఒలీవియాది అందె వేసిన చెయ్యి. "ఈ బ్యాచ్‌ల రెండే సీట్లున్నయి తమ్ముడూ, తర్వాత నన్ను అనొద్దు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. ఆ రెండు సీట్లు ఆమె చేరినప్పటి నుంచీ ఖాళీగానే ఉన్నాయి.

అంత నోరున్న మనిషికి ఏడో నెల వచ్చేసరికి ఒక భయం పట్టుకుంది. నొప్పులంటే కాదు. నొప్పులు వచ్చిన రోజున కాన్పు గదిలో తనవాళ్లెవరూ లేకుండా, ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య పడుకోవాల్సి వస్తుందని. అమ్మ పోయి రెండేళ్లయింది. అత్త యేసుమణి బంగారంలాంటి మనిషే గానీ టీవీలో ఎవరు ఏడ్చినా తనూ ఏడుస్తుంది. ఆవిడను లోపలికి తీసుకెళ్తే కాన్పు సంగతి పక్కనబెట్టి ఆవిడను ఓదార్చాలి. ఆసుపత్రివాళ్లేమో పక్కన ఒక్క మనిషినే ఉండనిస్తారు. ఇక మిగిలింది భర్త విన్సెంట్.

ఈ విన్సెంట్ సంగతి కాస్త చెప్పుకోవాలి. బోరబండలో పుట్టి పెరిగినవాడు. బేగంపేట హోటళ్లలో ఏసీ మెకానిక్. పదో అంతస్తు గోడకు తాడు కట్టుకుని వేలాడుతూ బోల్టులు బిగిస్తుంటే కింద చూసేవాళ్లకు గుండె జారిపోతుంది గానీ అతనికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే మనిషి సూదిని చూస్తే మాత్రం నిలబడలేడు. ఒలీవియాకు మొదటిసారి రక్తం తీసినప్పుడు పక్కనే ధైర్యంగా నిలబడి, ధైర్యంగానే కింద పడ్డాడు. ల్యాబ్ అమ్మాయి ఒలీవియా చేతిలో దూది పెట్టి, నీళ్ల సీసా పట్టుకుని అతని దగ్గరికి ఉరికింది.

"నువ్వు నా పక్కన ఉండాలె" అని ఒలీవియా అడిగితే అతను తల అడ్డంగా ఊపాడు.

"బయట ఉంట. మందులు తెస్త, ఏది చెప్తె అది జేస్త. లోపలికి మాత్రం పిలువకు. నాతోని కాదు."

ఆఫీసులో పక్క సీటు సుమశ్రీది రాజమండ్రి. సంగతి విని ఆ అమ్మాయి తేలిగ్గా తీసిపారేసింది.

"దీనికింత ఆలోచనేంటి ఒలీవియా గారూ? పంజాగుట్టలో క్లాసులున్నాయిగా. కడుపుతో ఉన్నవాళ్లకీ, వాళ్లాయనలకీ కలిపి చెప్తారు. మా అక్కా బావా వెళ్లారు. ఫీజు కొంచెం ఎక్కువే గానీ డెమో ఊరికే. ఒకసారి వెళ్లి చూడండి, పోయేదేముంది?"

ఆ ఆదివారం చర్చి అయ్యాక మొగుడూ పెళ్లాలు పంజాగుట్ట వెళ్లారు. గాజు తలుపు, బయట చెప్పుల స్టాండు, లోపల చల్లటి గది, నేల మీద మెత్తటి చాపలు, మనిషి కూర్చునేంత పెద్ద రబ్బరు బంతులు. ఎక్కడి నుంచో సన్నగా వేణువు వినిపిస్తోంది. జంటలన్నీ చాపల మీద కూర్చున్నాయి. పాఠం చెప్పే మేడం మగవాళ్లందర్నీ భార్యల వెనక కూర్చోమంది. నడుము కింద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా నొక్కమంది. విన్సెంట్ కూడా నొక్కాడు.

ఒలీవియా చూపు మాత్రం చాప మీద లేదు, కౌంటర్ మీద ఉంది. అక్కడ మానస అనే అమ్మాయి నవ్వు మొహంతో కూర్చుని, వచ్చినవాళ్లతో మాట్లాడుతోంది. క్లాసు అయ్యాక వీళ్లనూ పిలిచింది.

"బాగుంది కదా మేడమ్? ఇవాళే చేరితే మంచిది. ఈ బ్యాచ్‌లో ఇంక రెండే సీట్లున్నాయి."

ఒలీవియా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఆలోచించి చెప్తామని లేచింది. ఆటో ఎక్కగానే మొదలుపెట్టింది.

"నా మాట తెచ్చి నాకే చెప్తది! రెండే సీట్లంట. ఆ నవ్వు చూసినవా? అది సుత నేను నేర్పినట్టే ఉన్నది."

అమీర్‌పేట వచ్చేదాకా మానసను అనుకరిస్తూనే ఉంది. ఆటో అతను కూడా నవ్వాడు. విన్సెంట్ కాసేపు నవ్వి, "క్లాసు మంచిగనే ఉండె గదా" అన్నాడు.

"డెమోల అందరిది మంచిగనే ఉంటది. పైసలు కట్టినంక తెలుస్తది అసలు సంగతి. నన్నడుగు, నేను చెప్త."

విన్సెంట్ ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నాడు. మాటల్లో ఆమెతో నెగ్గగలిగితే కదా!

ఆమె చూపించుకునే ఆసుపత్రిలో కూడా గురువారం గురువారం ఒక క్లాసు ఉండేది. ఉచితం. రత్నమాల అనే సీనియర్ సిస్టర్ చెప్పేది. ఇనుప కుర్చీలు, గుడ్డతో కుట్టిన బొమ్మ, గోడ మీద ఒక పటం, అంతే. కౌంటర్ లేదు, కట్టమనేవాళ్లు లేరు. అమ్మేవాళ్లు లేనిచోట మోసం ఉండదని ఒలీవియా లెక్క. ఇన్‌స్టిట్యూట్‌లో వారానికి ఒక పూట సెలవు అడిగి ఇందులో చేరిపోయింది.

క్లాసు నిజంగానే బాగుంది. ఏ నొప్పి అసలుది, ఏది కాదు, ఎప్పుడు బయల్దేరాలి, ఊపిరి ఎలా తియ్యాలి, అన్నీ విడమరిచి చెప్పేది రత్నమాల. ఒకటే తేడా. ఇక్కడ లోపల అందరూ ఆడవాళ్లే. మొగుళ్లు భార్యలను గుమ్మం దాకా తెచ్చి దింపేవాళ్లు. తర్వాత పార్కింగ్ షెడ్డు పక్కనున్న సిమెంటు బెంచీ మీద హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్లు. మగవాళ్లు రాకూడదని ఎవరూ అనలేదు, ఎక్కడా రాసి లేదు. మొదటివాడెవడో అక్కడ కూర్చున్నాడు, మిగతావాళ్లూ కూర్చున్నారు. విన్సెంట్ కూడా వాళ్లలో ఒకడైపోయాడు.

అలా కొన్ని గురువారాలు గడిచాయి. ఒలీవియాకు అన్నీ వచ్చాయి. విన్సెంట్‌కు మాత్రం ఏమీ రాలేదు. ఒక సాయంత్రం ఆమె క్లాసులో నేర్చుకున్నవి ఇంట్లో అతనికి నేర్పబోయింది. కాన్పు గదిలో ఏం జరుగుతుందో మొదలుపెట్టగానే అతను చెవులు మూసుకున్నాడు.

"వద్దే, కళ్లు తిరుగుతయి నాకు."

"అయితే నేనొక్కదాన్నే పోవాల్నా?" ఆమె గొంతు లేచింది. "నెల దినాలసంది తిరుగుతున్న. నువ్వు బెంచీ మీద కూసుని ఫోన్ చూస్తున్నవ్. జర సిగ్గుండాలె."

విన్సెంట్‌కు ఎప్పుడో గానీ కోపం రాదు. ఆ రోజు వచ్చింది.

"పంజాగుట్టల అయితే నేను లోపలికి వస్తుంటి. ఆడ అందరు మొగోళ్లు కూసున్నరు. ఎవ్వరు నవ్వలే. ఆ మేడం నొక్కమంటె నీ నడుము నొక్కిన. ముందు గట్టిగ ఉండె, తర్వాత నా చెయ్యి కింద మెత్తగైంది. గప్పుడు అనుకున్న, గీ పని నాతోని సుత అయితదని. నువ్వేమో గా కౌంటర్ పిల్లను చూసుకుంట నవ్వుతున్నవ్."

"మరి నాకు చెప్పవా?"

"నువ్వు చెప్పనిస్తివా?"

ఎంత పప్పులో కాలేసిందో ఒలీవియాకు అప్పుడు అర్థమైంది. క్లాసు చూడటానికి పోయి కౌంటర్‌ను చూసి వచ్చింది. తనకు కావాల్సిన ధైర్యం ఆ రోజు తన వీపు వెనకే మొదలవుతుంటే, తిరిగి చూడను కూడా లేదు.

ఇప్పుడైనా మించిపోయింది లేదనుకుని మర్నాడు పొద్దున్నే మానసకు ఫోన్ చేసింది.

"అయ్యో, ఆ రోజే చెప్పాను కదా మేడమ్, రెండే సీట్లున్నాయని. మీరు వెళ్లిన కాసేపటికే నిండిపోయాయి. కొత్త బ్యాచ్ వచ్చే నెలాఖరున మొదలవుతుంది."

వచ్చే నెలాఖరుకు బిడ్డ ఒళ్లో ఉంటుంది.

"నిజంగనే రెండే ఉండెనా?"

"నిజంగానే మేడమ్. అబద్ధం ఎందుకు చెప్తాను?"

రోజూ ఆ అబద్ధం చెప్పేది తనే. ఫోన్ పెట్టేసి, వంటగదిలో స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ గదిలో తను ఒక్కతే పడుకుని ఉన్నట్టు కళ్లకు కట్టి, ఏడుపు ఇంకా ఎక్కువైంది.

అయితే ఒలీవియా ఏడుస్తూ కూర్చునే రకం కాదు. తర్వాతి గురువారం అందరికంటే ముందే పోయి రత్నమాలను పట్టుకుంది. "సిస్టర్, మొగోళ్లను లోపలికి రానియ్యరా?"

"నేనెప్పుడు వద్దన్న బిడ్డా?" అంది రత్నమాల. "మొదట్ల పిలిచి పిలిచి నా గొంతు పోయింది. పర్లేదు సిస్టర్ అంటరు, మళ్ల ఫోన్‌ల తల పెడతరు. నాకు సుత యాష్టకొచ్చి ఇడిచిపెట్టిన."

"ఇయ్యాల నేను పిలుస్త."

రత్నమాల ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత లోపలున్న ఆడవాళ్లను అడిగింది. కాసేపు గుసగుసలు పోయాక ఒకామె, "మా ఆయన ఎట్లనూ రాడు. వస్తే మాత్రం మంచిదే" అంది. మిగతావాళ్లు నవ్వుతూ తలూపారు. పాలు పట్టడం గురించి మాత్రం మగవాళ్లు వెళ్లిపోయాక చెప్తానంది రత్నమాల.

ఒలీవియా పొట్ట పట్టుకుని మెల్లగా బెంచీ దగ్గరికి నడిచింది. ఆమె వృత్తిలో మొదటి పాఠం ఏమిటంటే, చేరతావా అని ఎప్పుడూ అడగకూడదు. పొద్దున బ్యాచా, సాయంత్రం బ్యాచా అని అడగాలి.

"అన్నా, లోపల కుర్చీలు ఏస్తున్నరు" అంది చివరన కూర్చున్న లావుపాటి మనిషితో. "మీరు ఫ్యాన్ కింద కూసుంటరా, కిటికీ దగ్గరనా?"

"ఫ్యాన్ కింద" అన్నాడాయన ఏ ఆలోచనా లేకుండా. అన్నాక గానీ అడ్డంగా దొరికిపోయానని తెలియలేదు. పక్కవాళ్లు పకపకా నవ్వారు.

"నవ్వుతున్నరు, మీకు కిటికీ దిక్కు ఏపిస్త" అంది వాళ్లను. నవ్వినవాళ్లు కూడా లేవక తప్పలేదు. ఒకతను మాత్రం మోగని ఫోన్‌ను చెవికి పెట్టుకుని గేటు వైపు జారుకున్నాడు. బెంచీ మీద విన్సెంట్ ఒక్కడే మిగిలాడు. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

ఫ్యాను, కిటికీ అంటే ఇతను పడడని ఒలీవియాకు తెలుసు. ఈ మనిషి దగ్గర ఆమెకు ఏ చిట్కా తోచలేదు. నిజమే చెప్పింది.

"నాకు భయమైతుంది విన్సెంట్. ఆడ నాకు ఎవ్వరు లేరు. నువ్వు కింద పడితె పడు, నేనేం అనుకోను. కాని బయట కాదు, లోపల పడు."

విన్సెంట్ హెల్మెట్ బెంచీ మీద పెట్టి లేచాడు.

లోపల రత్నమాల అతని సంగతంతా విని, నవ్వకుండా, ఇలాంటివాళ్లను చాలామందిని చూసినట్టే మాట్లాడింది. "నీ జాగ ఆమె తల దిక్కు. మొఖం చూడు, ఇంకేం చూడకు. కళ్లు తిరిగినట్టయితే షోకులకు పోయి నిలబడకు, నేల మీద కూసో. కూసున్నోడు పడడు." ఆ మాటకు ఫ్యాను కింద లావుపాటి మనిషి కూడా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రోజు విన్సెంట్ ఒలీవియా కుర్చీ వెనక నిలబడి, రత్నమాల చూపించినచోట అరచెయ్యి ఆనించాడు. ఒలీవియా ఈసారి ఎటూ చూడకుండా కళ్లు మూసుకుంది. మిగిలిన గురువారాల్లో బెంచీ పూర్తిగా ఖాళీ అవలేదు గానీ, లోపల కుర్చీలు మాత్రం రెండు వరసలు పెరిగాయి.

నొప్పులు ఒక సోమవారం పొద్దున మొదలయ్యాయి. విన్సెంట్ హోటల్ నుంచి పని బట్టలతోనే వచ్చి, ఆసుపత్రివాళ్లిచ్చిన ఆకుపచ్చ గౌను తొడుక్కుని ఆమె తల వైపు నిలబడ్డాడు. నడుము నొక్కాడు, నీళ్లు తాగించాడు, ఆమె ఊపిరి మరిచిపోతే గుర్తు చేశాడు. ఆమె తిట్టింది. అతను "తిట్టు తిట్టు" అన్నాడు. మధ్యాహ్నం దాటాక నొప్పులు ముదిరాయి. ఒకసారి ఒలీవియా తలెత్తి చూస్తే అతని మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. "విన్సెంట్, కూసో" అని ఆ రోజు డ్యూటీలో ఉన్న రత్నమాల గదమాయించడం వినపడింది. ఆ తర్వాత అతని మొహం కనబడలేదు. ఒలీవియాకు ప్రాణం ఉసూరుమంది గానీ, ఇంకేదీ ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

బిడ్డ ఏడ్చింది. గది నిండా ఏడ్చింది. ఒలీవియా వగరుస్తూ ముందు అడిగింది బిడ్డ గురించి కాదు.

"విన్సెంట్, ఉన్నవా? పోయినవా?"

"ఉన్న." గొంతు మంచం పక్కన నేల మీది నుంచి వచ్చింది. "ఈడనే ఉన్న."

"పడ్డవా?"

"పడలే. కూసున్న."

"లే మరి. బిడ్డను చూడు."

"లేస్త గాని, ముందు నా చెయ్యి ఇడిచిపెట్టు. అప్పటిసంది నువ్వే ఇడుస్తలేవు."

ఒలీవియా తల తిప్పి చూసింది. మంచం అంచు మీదుగా పైకి చాచిన అతని చెయ్యి ఆమె గుప్పిట్లో ఉంది. గోళ్లు దిగి, వేళ్లు తెల్లగా పాలిపోయాయి. ఎవరో తనను గట్టిగా పట్టుకుని ఉన్నారనే ఇంతసేపూ ఆమె అనుకుంది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఇడువ" అంది.

రత్నమాల ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తువ్వాలులో చుట్టిన బిడ్డతో అతని పక్కన నేల మీదికి వంగింది. "ఆడపిల్ల" అని చెప్పి, అతని ఒళ్లో పెట్టింది. విన్సెంట్ ఉన్న ఒక్క చేత్తోనే బిడ్డను ఎత్తుకున్నాడు.