గోడవతలి అత్త

అత్త చనిపోయిన కబురు మా ఇంటికి గోడలోని గూటి గుండానే వచ్చింది. పోయిన శుక్రవారం తెల్లవారేసరికి అవతలి నుంచి ఆమె కొడుకు, "మామా, అమ్మ పోయింది" అని మా నాయనతో అన్నాడు. ఆమె అనంతపురం వీధుల్లో గాజులమ్మేది. మా నాయన అక్కా అని పిలిచేవాడు, అందుకని మాకు అత్త.

నయాపైసలు వచ్చిన ఏడు, కరువుకు పల్లెలు వదిలొచ్చి బాడుగ కొట్టాల్లో తల దాచుకున్న మాలాంటివాళ్లకు మునిసిపాలిటీ ఊరి చివర స్థలాలిచ్చింది. వానాకాలం లోపు మిద్దె కప్పకపోతే స్థలం ఇంకొకరికి పోతుంది. రాయికి కొదవ లేదు, మట్టి కలపడానికి దగ్గర్లో నీళ్లే లేవు. మూడు గోడలు లేచేసరికి నాయన చేతులెత్తేశాడు. పక్క స్థలంలో అత్త పనీ అక్కడే ఆగింది. మధ్యలో ఒకే గోడ లేపి, ఇద్దరి దూలాలూ దాని మీదే వేద్దామంది ఆమె. ఉమ్మడి గోడంటే రేపు పిల్లలకు తగాదాలేనని నాయన మొండికేశాడు.

"రెండు గోడలుండేవాళ్లు కొట్లాడుకోకుండా ఉండారా? ముందు ఇల్లంటూ ఉంటే గదప్పా, తగాదా" అంది అత్త.

నాయన ఓడిపోయానని ఒప్పుకునే రకం కాదు. మర్నాడు కడవ పట్టుకుని ఆమె వెనకే బావికి నడిచాడు. గడువు లోపలే రెండు మిద్దెలూ కప్పేశారు. ఆ ఏడు వాన మాత్రం రాలేదు. మమ్మల్ని చూసి వీధిలో తక్కినవాళ్లూ గోడలు కలుపుకున్నారు.

ఆ గోడలో రెండు వైపులా తెరిచిన గూడు పెట్టించిందీ ఆమే. ఒక దీపం పెడితే రెండిళ్లకూ వెలుతురు. కిరసనాయిలు ఒకరోజు వాళ్లది, ఒకరోజు మాది. ఆ గూట్లోంచే మా సంగటి అటు పోయేది, ఆమె తిట్లు ఇటొచ్చేవి. పొద్దున్నే గాజులు సర్దుకునే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. ఏటా వాన కారకుండా మిద్దె మీద చౌడుమట్టి పరిచేటప్పుడు మా వైపూ తొక్కి వచ్చేది. ఎందుకత్తా శ్రమ అంటే, ఏది ఎవరి మిద్దో వానకేం తెలుసని విసుక్కునేది. మాకు సొంత ఇల్లంటూ ఉందంటే ఆమె పట్టుదల వల్లే.

అత్తను మట్టి చేసి వచ్చిన సాయంత్రం దీపం వంతు ఆమెది. వాళ్లింట్లో ఎవరికీ ఆ ధ్యాస లేదు. నాయన లేచి, చిమ్నీ తుడిచి, దీపం వెలిగించి గూట్లో పెట్టాడు. తర్వాత దాన్ని అవతలి అంచుకు జరిపాడు. ఆ రాత్రి మా వైపు వెలుతురు కాస్త తగ్గింది.