కుండలో ఒక్క పెర

మామ పోయాడన్న కబురు నాకు బాసగూడ సంతలో తెలిసింది. మామ ఊరు తర్రెం నుంచి ఉప్పు కోసం వచ్చిన మనిషి భుజం మీది మూట దించకుండానే చెప్పాడు. "మీ మామ పోయిండు. నిన్ననే మట్టిల పెట్టినం. ఎల్లుండి దినం." ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు ఏడవడానికి కూడా ఓపిక ఉండడం లేదు.

ఆయన నాకు వరసకు మాత్రమే మామ. మాది గోదావరి అవతలి నుంచి వచ్చి దున్నుకుంటున్న ఇల్లు, ఆయన అడవిలోని దోర్ల తెగ మనిషి. తేనె కోసం మద్దిచెట్టెక్కి పడి నా మోకాలు విరిగిన ఏడు, సంస్థానం వాళ్ల మూటలు కూలి లేకుండా మోసే బేగారికి ఆవపల్లి వెళ్తూ మా గడపలో మంచినీళ్లకు ఆగాడు. నా కాలు చూశాడు. "చెట్టెక్కలేనోడు ఈగలనే ఇంటికి తెచ్చుకోవాలె అల్లుడా" అన్నాడు. తేనె అంటే కొయ్యడమే గాని పెంచడమేంటో నాకు అర్థం కాలేదు.

తిరుగు ప్రయాణంలో ఏదో తొర్రలోంచి చిన్న తేనెటీగల పట్టును తెచ్చి కుండ అడిగాడు. ఇంట్లో ఖాళీగా ఉన్నది ఇప్పసారా కుండ. కడిగే ఇచ్చాను. రెండో రోజుకు ఒక్క ఈగ లేదు. ఆయన మళ్లీ వచ్చినప్పుడు కుండ మూతి దగ్గర ముక్కు పెట్టి పకపకా నవ్వాడు. "తాగుబోతు ఇంట్ల ఎవరు కాపురం జేస్తర్రా?"

ఈసారి కొత్త కుండకు లోపల మైనం రుద్ది, చూరు కింద అడ్డంగా కట్టించాడు. మూతికి చెక్క బిగించి, చిటికెనవేలు పట్టేంత కంత వదిలాడు. తల్లి ఈగను దోసిట్లో పట్టి లోపలికి పంపాడు. "తల్లి కూసుంటే అన్నీ కూసుంటయ్" అన్నాడు. కూర్చున్నాయి.

ఎండాకాలం కుండ విప్పితే తేనె నిండిన మైనపు పెరలు ఏడు. ఏడూ కోసేశాను. అది అడవిలో నేర్చిన బుద్ధి. పట్టులో కాస్త వదిలామంటే వెనకొచ్చేవాడు కోసుకుపోతాడు, మిగిల్చినవాడు మా దగ్గర పిచ్చోడు. వారం తిరక్కుండా కుండ ఖాళీ అయింది.

మామ నా మీద కోప్పడింది అప్పుడొక్కసారే. "నీ చూరు కిందికి నీ వెనక ఎవడొస్తడ్రా?" అని అరిచాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనే చల్లబడి, జావ తాగి, దగ్గుకుంటూ వెళ్లి మూడో పట్టు తెచ్చాడు. "ఈగల కడుపు నిండినంకనే మనకు. అట్ల తీసిన తేనెల మొదటి ముక్క నాకు తేవాలె" అన్నాడు. తెస్తానని మాటిచ్చాను.

ఆ తర్వాత ఈ దారిన ఎప్పుడు వెళ్లినా ముందు కుండకు చెవి ఆనించేవాడు. "ఉన్నయ్" అని ఒక్క మాట అన్నాకే గడపలో కూర్చునేవాడు. నా కాలు ఎలా ఉందని ఆ తర్వాత అడిగేవాడు.

దినం నాడు తెల్లవారుతూనే కుండ విప్పాను. వానలు. అడవిలో పువ్వు లేదు. దాచుకున్నదంతా అవే తిన్నాయి. తేనె ఉన్నది ఒక్క పెరలోనే. కత్తి ఆనించాను. పోయినవాళ్లకు ఇష్టమైంది పెట్టకపోతే మా దగ్గర తప్పు, పైగా ఇది నేనిచ్చి ఇంకా తీర్చని మాట. ఈగలు చేతి మీద పాకుతున్నాయి. కత్తి తీసేసి చెక్క బిగించాను.

తర్రెం దాకా ఉత్త చేతులతో నడిచాను. మోకాలు దారంతా సలిపింది. దానికంటే, ఏ మొహం పెట్టుకుని వెళ్తున్నానన్న బాధే ఎక్కువగా ఉంది.

అత్త మామ కోసం ఆకులో అన్నం పెడుతోంది. పక్కన తేనె కోసం ఒక డొప్ప కుట్టి ఉంచింది.

"తేనె ఏది అల్లుడా?"

"ఒక్కటే పెర ఉన్నదత్తా. కోస్తే ఈగలు పోతయ్. కొయ్యలే."

అత్త నా వైపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అల్లుడు నేర్సిండని చెప్త మీ మామకు" అంటూ ఆ ఉత్త డొప్పనే అన్నం పక్కన పెట్టింది.

నేను ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. కాళ్లు కడుక్కోకుండానే చూరు కింద వంగి కుండకు చెవి ఆనించాను. లోపల సన్నగా హోరు.

"ఉన్నయ్ మామా" అన్నాను.