నంద్యాలలో నా పట్టాలు

ఆ రోజుల్లో నాకేం అవసరమో నాకు తప్ప అందరికీ తెలిసేది. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ గోడౌన్లో గుమాస్తాగా చేరి ఏడాదైంది, వయసు ఇరవై నాలుగు. మంచం కొనుక్కోమని అక్క చెప్పేది, బండి కొనుక్కోమని మేనేజరు చెప్పేవాడు. నాకేమో రైలు కావాలి. అంటే ఇంజను, మూడు పెట్టెలు, పట్టాలు, తిప్పితే వేగం మారే మీట, ఇవన్నీ ఉండి ఒక పలక మీద తిరిగే బుల్లి రైలు. (ఇప్పుడే నవ్వకండి, ముందు ఇంకా ఉంది.) మాది ఆళ్లగడ్డ. మా ఊరికి బస్సులున్నాయి, లారీలున్నాయి, రైలు లేదు. చిన్నప్పుడు అమ్మ నన్ను నంద్యాల ఆసుపత్రికి తీసుకొస్తే, ముందు స్టేషను చూపిస్తేనే సూది వేయించుకుంటానని మొండికేసేవాణ్ణి. ఆ మొండితనం పోలేదు, జీతం మాత్రం వచ్చింది.

ఆ ఏడాదే అక్క నాకొక సంబంధం చూసింది. ఆళ్లగడ్డలోనే, దేవుడి విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన కూతురు. ఆయన్ని మేం రాతి మామ అనేవాళ్లం. చేసే పని రాతిపని కావడం ఒక కారణం, ఆయన ముఖం చూసి మనసులో ఏముందో ఎవరూ కనిపెట్టలేకపోవడం ఇంకో కారణం. ఆ అమ్మాయి నాన్న చెక్కబోయే రాయి మీద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసేది. ఆమెను నేను రెండుసార్లే కలిశాను. మొదటిసారి ఎండల గురించి మాట్లాడాను. రెండోసారి ఏం మాట్లాడాలో తోచక నా రైలు గురించి అరగంట చెప్పాను. ఆమె పెన్సిలు పక్కన పెట్టి విని, "దాంట్లో ఎవరెక్కుతారు?" అంది. ఎవరూ ఎక్కరన్నాను. "మరి యాడికి పోతుంది?" అంది. ఎక్కడికీ పోదు, అక్కడే తిరుగుతుందన్నాను. ఆమె నవ్వింది. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని నాకు అప్పుడే అనిపించింది. రాతి మామకు మాత్రం అనిపించలేదు. "పిల్లోడు మంచోడే. సొంతానికి జానెడు జాగా లేదు. బాడుగ గదిలో ఉండేటోనికి పిల్లనెట్ల ఇచ్చేది?" అని అక్కతో అన్నాడట. అవుననలేదు, కాదనలేదు, మూడు నెలలు అలాగే నానబెట్టాడు.

బుద్ధి ఉన్నవాడైతే ఆ మూడు నెలల్లో జాగా సంగతి ఆలోచిస్తాడు. నేను ఫోన్లో రైళ్లు చూస్తూ కూర్చున్నాను. చూసేకొద్దీ తల తిరిగింది. ఈ బుల్లి రైళ్లలోనూ కొలతలున్నాయి. కాస్త పెద్దది తీసుకుంటే ఇంజను మీద మెట్లు కూడా కనిపిస్తాయి, కానీ అది మలుపు తిరగడానికి మంచమంత చోటు కావాలి. దానిలో సగం ఉండే రకం బల్లంత చోటులో తిరుగుతుంది, కానీ పెట్టె అగ్గిపెట్టె కంటే కొంచెమే పొడుగు. అన్నీ ఒకే డబ్బాలో వచ్చే సెట్టు కొనాలా, విడివిడిగా కొనాలా అన్నది ఇంకో తలనొప్పి. చివరికి మా ఇంటాయన్ని అడిగాను. ఆయన రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరైన సాయిబుగారు. ముప్పై ఏళ్లు పెద్ద స్పానరు భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి, వదులైన బిగింపులు బిగించిన మనిషి. అందరూ కీమ్యాన్ భాయ్ అనేవారు. నా ఫోను తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూశాడు.

"పెద్దది వేస్తే నువ్వు యాడ పండుకుంటావప్పా, సొరంగంలోనా? చిన్నదే తీసుకో," అన్నాడు. ఏ ఇంజను బాగుందని అడిగితే ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇంజను సంగతి తర్వాత. ముందు పట్టా చూడు. పట్టా బాగుంటే ఏ ఇంజనైనా పోతుంది. పట్టా బాగలేకపోతే ఎంత మంచి ఇంజనైనా పడుకుంటుంది. ఈ డబ్బాలో వచ్చేది రేకు మాదిరుంది, వద్దు." అలా డబ్బా వద్దనుకుని, కింద గట్టి అడుగు ఉండి ఒకదానికొకటి టక్కున పట్టుకునే పట్టాలు ముందు తెప్పించాను. ఇంజను, పెట్టెలు, మీట వేరేచోట చెప్పాను. పట్టాలు మంగళవారం వచ్చేశాయి.

ఆ మంగళవారమే అక్క ఫోన్ చేసింది. వెనక మిక్సీ తిరుగుతోంది. "ఏం చేస్తాండావ్ రా?" అంది. "పట్టాలు తీసుకున్నానక్కా, నంద్యాలలోనే. చూసి చూసి మంచివే తీసుకున్నా. ఇంకో రెండు కావాల, మలుపు దగ్గర తక్కువ పడినాయి," అన్నాను ఉత్సాహంగా. అక్క మిక్సీ ఆపేసింది. "నిజంగానా? నాకు ఒక మాటైనా చెప్పలేదే," అంది. గొంతు తడిగా ఉంది. రైలు కొన్నానని అక్క ఇంత సంతోషపడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. అక్కంటే అక్కే అనుకుని ఫోను పెట్టేశాను. మా వైపు పట్టాలంటే జాగా కాగితాలని, ఇళ్ల పట్టాల కోసం జనం ఆఫీసుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరుగుతుంటారని ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు.

శనివారం ఇంజను వచ్చింది. ఆదివారం పొద్దున్నే నేనూ భాయ్ కలిసి రెండు ఖాళీ విత్తనాల పెట్టెల మీద ప్లైవుడ్ పలక పరిచి, పట్టాలు బిగించి, మీట తిప్పాం. రైలు ముప్పావు చుట్టు తిరిగి ఒక మలుపు దగ్గర ఆగిపోయింది. వేలితో తోస్తే కదిలింది, మళ్లీ అక్కడే ఆగింది. భాయ్ పట్టాలను గుడ్డతో తుడిచాడు, ప్రతి అతుకూ గోటితో తడిమి చూశాడు. మళ్లీ అక్కడే. మేం ఆ పనిలో ఉండగా అక్క ఫోన్ వచ్చింది.

"రేయ్, మామ వస్తాండాడు. నువ్వు తీసుకున్న పట్టాలు చూడాలంట. ఆయప్ప మనసు మారింది రా. పట్టాలుండాయని నేను చెప్పిన కాడి నుంచి ముఖంలో కళే వేరు."

నాకు అప్పుడు అర్థమైంది. నేల మీద కూర్చుండిపోయాను. "అక్కా," అన్నాను, "అవి రైలు పట్టాలు." "ఏ రైలు?" అంది. చెప్పాను. అక్క తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా, "ఆయప్ప బస్సెక్కి చానాసేపాయ. ఈపాటికి శిరివెళ్ల దాటింటాడు," అని మాత్రం అంది. రాతి మామ ఫోను పెట్టుకునే మనిషి కాదు, బస్సు మధ్యలో ఆపే దారి లేదు. నా పెళ్లి శిరివెళ్ల దాటి నా మీదికి వస్తోంది.

పలక మంచం కింద దాచేద్దామనుకున్నాను, మంచం లేదు. గదికి తాళం వేసి పారిపోదామనుకున్నాను. భాయ్ మాత్రం అతుకు మీద నుంచి కళ్లు తీయలేదు. "పట్టాలు చూడాలని వస్తాండాడు. ఉండేవి చూపీ. లేనివి చూపియ్యలేవు కదా," అన్నాడు. ఆయనకేం, ఆయన పెళ్లి ఎప్పుడో అయిపోయింది.

మామ వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన సంచి. సంచిలోంచి పొడుగాటి టేపు తల బయటికి కనిపిస్తోంది. జాగా కొలవడానికే తెచ్చాడని తెలిసిపోయింది. మామ నీళ్లు తాగి, జేబులోంచి ఒక మడత కాగితం తీసి, కళ్లజోడు పెట్టుకున్నాడు. "సర్వే నంబరు ఎంత?" అన్నాడు. నేను భాయ్ వైపు చూశాను. "పట్టాలు యాడుండాయి?" అన్నాడు. "ఈడనే మామా, గదిలోనే," అన్నాను. "మంచిది. తియ్యి."

నేను పక్కకు జరిగాను. నా వెనక ఉన్న పలక కనిపించింది. మామ పలకను చూశాడు, నన్ను చూశాడు, భాయ్‌ను చూశాడు. భాయ్ గంభీరంగా తలూపాడు. "ఇవేనా?" అన్నాడు మామ. "ఇవే మామా. అక్కకు పట్టాలనే చెప్పినా. అబద్ధం చెప్పలేదు. జాగా లేదు, ఇప్పట్లో కొనలేను కూడా." ఇంత గడగడా ఎలా చెప్పానో నాకే తెలియదు. ఆయన ముఖంలో గీత కూడా కదలలేదు. మీట వైపు చూపించి, "తిప్పు," అన్నాడు.

మీట తిప్పాను. రైలు బయలుదేరి, ముప్పావు చుట్టు తిరిగి, సరిగ్గా ఆ మలుపు దగ్గర ఆగింది. అందరం దాన్నే చూస్తున్నాం. అయిపోయింది, ఆమె నవ్వు నేనిక చూడనని నిశ్చయమైంది.

మామ మోకాళ్ల మీద వంగి పలక అంచుకు కన్ను ఆనించి చూశాడు. సంచిలో చెయ్యి పెట్టి టేపు కాదు, రసమట్టం తీశాడు. (మట్టం చూసే ఆ గాజుగొట్టం లేకుండా ఆయన భోజనానికి కూడా పోడని తర్వాత తెలిసింది.) పలక మీద పెట్టాడు. బుడగ ఒక పక్కకు పరిగెత్తింది. "పట్టా తప్పు కాదు. కింద మట్టం లేదు. మూల కుంగి అతుకు నోరు తెరిచింది," అన్నాడు. ముప్పై ఏళ్లు పట్టాలు చూసిన భాయ్ అప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూశాడు. మామ చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పలక మూల కింద దోపి, మళ్లీ మట్టం చూశాడు. బుడగ మధ్యకొచ్చి నిలబడింది. "ఇప్పుడు తిప్పు."

రైలు మలుపు దాటింది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. మామ నేల మీద కూర్చుని, పెట్టెలు లెక్కపెడుతున్నట్టు పెదాలు కదుపుతూ, మధ్యాహ్నం బస్సు టైమయ్యేదాకా చూశాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర, "మా మిద్దె మీద గది ఖాళీగా ఉంది. పండక్కి వస్తే దీన్ని యాడ పెట్టుకోవాలని చూడాల్సిన పని లేదు," అన్నాడు. అది ఒప్పుకోవడమని నాకు అర్థం కాలేదు. భాయ్ వీపు మీద ఒక్కటి వేసి చెప్పాల్సి వచ్చింది.

పెళ్లైన ఆరేళ్లకు ఇల్లు మారుతూ పలక ఎత్తితే ఆ కాగితం కింద పడింది. మామ బొద్దు అక్షరాల్లో నాలుగు ప్రశ్నలున్నాయి: సర్వే నంబరు, హద్దులు, దారి, నీళ్లు. వాటి కింద ఎర్ర పెన్సిలుతో, వేరే రాతలో ఇంకో వరస ఉంది: "నాయనా, ఈడ జాగా ఏమీ ఉండదు. రైలు ఉంటుంది. కోపం చేసుకోకుండా చూసి రా."

వంటింట్లో ఉన్న మా ఆవిడకు చూపించాను. "మీ అక్క పట్టాలనగానే తెలిసింది. నీకు భూమి యాడిది?" అని మళ్లీ కూర పనిలో పడింది. అంటే మామకు బస్సులోనే అంతా తెలుసు. తెలిసీ సర్వే నంబరు అడిగాడు, తెలిసీ ముఖం కదపలేదు. ఆ రోజు నేల మీద కూర్చుండిపోయిన ఆ ఇరవై నాలుగేళ్ల పిచ్చివాడు గుర్తొస్తే ఇప్పటికీ జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. ఇప్పుడు మాకు నిజం పట్టా ఉంది, బీరువాలో ఎక్కడో ఉంటుంది, చూపించమని ఎవరూ అడగరు. ఈ కాగితాన్ని మాత్రం మళ్లీ నాలుగు మడతలు పెట్టి పలక మూలకే దోపాను. కొత్త ఇంట్లో నేల మట్టంగానే ఉంది, అయినా.