ఉస్తాద్ పెట్టెకు ఎవరి తాళం

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఇంకెవరైనా అంటే కొట్లాటకు పోతాను గాని, నేనే ఒప్పుకుంటే తప్పేం లేదు. జనగామలో మా ఉస్తాద్ దుకాణంలో పదిహేనేళ్ళు పనిచేశాను. సూట్‌కేసులు, స్కూలు బ్యాగులు, జిప్పులు, చక్రాలు, తాళాలు బాగుచేసే దుకాణం. రోజూ పొద్దున స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి జనగామలో దిగి, షట్టరు నేనే ఎత్తేవాణ్ణి. ఉస్తాద్‌కు కొడుకులు లేరు. ఆయన తర్వాత ఆ స్టూలు మీద కూర్చునేది నేనేనని ఎవరూ నాకు చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంతలో ఉస్తాద్ కూతురు వచ్చింది. ఆమె కాపురం భూపాలపల్లిలో, భర్తకు బొగ్గు గనిలో ఉద్యోగం. ఉస్తాద్ కళ్ళకు పొరలు కమ్మి, తాళంచెవి పళ్ళు కూడా కనబడని రోజులు వచ్చాయి. పిల్లలు హాస్టల్లో ఉన్నారు కాబట్టి నెలలో ఇరవై రోజులు తండ్రికి చేదోడుగా ఉంటానని వచ్చింది. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆపా అని పిలిచేవాణ్ణి. నోటితో ఆపా, లోపల మాత్రం వేరే ఏవేవో.

ఆమెకు పని రాకపోతే నాకు ఏ బాధా ఉండేది కాదు. వచ్చు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుందట. నేను అరగంట కుస్తీ పట్టే జిప్పును ఆమె పట్టకారుతో రెండు నొక్కులు నొక్కి నడిపించేది. మొదటి నెల ఆమెను వింతగా చూసిన గిరాకీలు రెండో నెలకల్లా "ఆపా లేదా అన్నా?" అని అడగడం మొదలుపెట్టారు. నేను అక్కడే, చేతిలో స్క్రూడ్రైవరుతో నిలబడి ఉంటే! "నేను లేనా?" అంటే, "అట్ల గాదన్నా, ఆమె చేతికిచ్చి పోదామని" అని బ్యాగు కౌంటరు మీద పెట్టి చక్కా పోయేవాళ్ళు. ఇదివరకు ఛాయ్ వస్తే ఉస్తాద్ మొదటి గ్లాసు నా వైపు జరిపేవాడు. ఇప్పుడు కూతురి వైపు జరుపుతున్నాడు. ఛాయ్ గ్లాసు కోసం ఏడ్చేవాడు ఎవడైనా ఉంటాడా అని మీరు నవ్వవచ్చు. ఉంటాడు. నేను ఏడ్చాను.

ఆ ఏడాది ఉస్తాద్, ఆయన భార్య ఉమ్రాకు పోవడం ఖాయమైంది. మక్కాకు పోయి రావాలన్నది ఆయన ఎన్నాళ్ళ కోరికో. పెట్టె ఉంది, పేచీ అంతా తాళం దగ్గరే. ఉస్తాద్‌కు అంకెలు కనబడవు, తాళంచెవి అయితే తడుముకుని తిప్పుకుంటాడు. ఆయన భార్యను నేను ఖాలా అంటాను. ఖాలా కళ్ళు బాగానే ఉన్నాయి గాని, తాళంచెవి ఆమె చేతిలో పెడితే పూట గడవకముందే పోగొడుతుంది. ఆమెకు అంకెలే నయం. అంటే ఒకే తాళం అంకెలతోనూ తెరుచుకోవాలి, చెవితోనూ తెరుచుకోవాలి. ఒకటి లేకపోయినా రెండోది పనిచేయాలి. బజారులో రెండూ ఉన్న తాళాలు దొరుకుతాయి. కానీ వాటి చెవి కొన్నవాళ్ళకు ఇవ్వరు, విమానాశ్రయాల్లో తనిఖీ చేసేవాళ్ళ దగ్గరే ఉంటుంది. "నా పెట్టె చెవి ఇంకోని దగ్గర ఉండుడేంది?" అని ఉస్తాద్ వాటిని దగ్గరికి రానివ్వలేదు.

ఒకరోజు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "ఇద్దరు చెరొకటి చెయ్యుండ్రి. ఏది మంచిగుంటే గది నా పెట్టెకు బిగిస్త" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. ఉస్తాద్ పెట్టె మీద మక్కా దాకా పోయేది నా తాళమే కావాలి. తిరిగొచ్చాక చూడవచ్చిన వాళ్ళు ఇదెవరు చేశారని అడగాలి, ఆయన నా పేరు చెప్పాలి. ఆమె పేరు చెప్పకూడదు.

పని మాత్రం నా కోరికంత సులువుగా సాగలేదు. జిప్పు కొసలు రెండింటినీ లోపల దూర్చి నొక్కితే ఒక గొళ్ళెం వాటిని పట్టుకుంటుంది. మూడు చక్రాల మీద సరైన అంకెలు నిలబెడితే వాటి గాట్లు ఒక వరుసలోకి వచ్చి, గొళ్ళెం వెనక్కి జారి వాటిని వదిలేస్తుంది. ఇంతవరకు అందరూ చేసేదే. చెవి తిప్పినా అదే గొళ్ళెం వెనక్కి పోవాలంటే చక్రాలు అడ్డం పడతాయి. మొదటిసారి చెవి బలంగా తిప్పితే గాట్లు విరిగాయి. రెండోసారి చెవితో తెరుచుకుంది గాని, ఆ తర్వాత అంకెలు పనిచేయలేదు. చివరికి గొళ్ళేన్ని రెండు ముక్కలు చేశాను. వెనక ముక్క చక్రాల చేతిలో, ముందు ముక్క చెవి చేతిలో, మధ్యలో ఒక స్ప్రింగు. ఖాలా వేళ్ళకు నొక్కడం సుఖంగా ఉండాలని ఆ స్ప్రింగును మెత్తగా పెట్టాను. ఖాలా నన్ను మెచ్చుకోవాలని పెట్టాను అంటే ఇంకా నిజం.

ఇత్తడి ముక్కలు కోయించడానికి మహబూబాబాద్ పోయాను. అక్కడ ఉస్తాద్ పాత దోస్తు ఒకాయన లేత్ మిషన్ నడుపుతాడు. ట్రాక్టరు బోల్టుల మధ్య మా గోరంత పనిని విసుక్కోకుండా చేసేది ఆయనొక్కడే. నా ముక్కలు లెక్కపెట్టి, "మీ ఆపా మొన్ననే వచ్చిపోయింది. ఒక్క ముక్కనే కోపిచ్చుకున్నది. నువ్వేంది గిన్ని తెచ్చినవ్?" అన్నాడు.

"ఒక్కటేనా? ఎట్లుంటదది?"

"తీస్కపోయింది గదనే. నాకేం యాదికుంటది?"

తిరుగు రైల్లో నాకు కూర్చోబుద్ధి కాలేదు. నావి ఏడు ముక్కలు. ఆమెది ఒకటి. ఒక్క ముక్కతో ఎలా చేస్తుందో ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా తట్టలేదు. తట్టనిదానికి ఒళ్ళంతా మంట. ఘన్‌పూర్‌లో దిగాల్సినవాణ్ణి ఏమరుపాటున జనగామ దాకా పోయాను.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఎవరు కొత్త తాళం చేసినా పక్కవాళ్ళ చేతిలో పెట్టాలి. పక్కవాళ్ళు రోజంతా తంటాలు పడి తెరవలేకపోతేనే దాన్ని తాళం అనాలి. చేసినవాడి కంటికి తన తప్పు కనబడదని ఉస్తాద్ అనేవాడు. అలా ఆమె తాళం నా దగ్గరికి, నాది ఆమె దగ్గరికి వచ్చాయి. తీగ పెట్టి చూశాను, చక్రాలను ఒత్తి పట్టుకుని తిప్పి చూశాను, నేలకేసి కొట్టి చూశాను. ఊహూఁ. సాయంత్రం మూత విప్పాను. చెవి తిప్పితే గొళ్ళెం కాదు, చక్రాలున్న పలక మొత్తం లేచి పక్కకు తప్పుకుంటోంది. ఆ పలకే ఆమె కోయించుకున్న ఒక్క ముక్క. పైగా ప్రతి అంకె పక్కనా ఆకురాయితో అన్నేసి సన్నటి గాట్లు పెట్టింది. చెవి పోయినా ఉస్తాద్ వేలితో తడిమి అంకెలు నిలబెట్టుకోగలడు. నాకు ఆ ఊహే రాలేదు. పదిహేనేళ్ళు ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి, ఆయన వేళ్ళు నాకెందుకు గుర్తు రాలేదో అని నా మీద నాకు, అంతకంటే ఎక్కువగా ఆమె మీద కోపం వచ్చింది.

"నాతోని కాలే ఉస్తాద్" అని ఒప్పుకున్నాను. ఆమె కూడా తనవల్ల కాలేదని తండ్రితో తమ దక్కనీ ఉర్దూలో చెప్పింది. నా ఛాతీ బెత్తెడు పెరిగింది. ఉస్తాద్ నమాజుకు లేవగానే ఆమె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"తమ్మీ, నీది ఎన్కనుంచి ఒక్క దెబ్బ కొడితే తెర్సుకుంటున్నది. స్ప్రింగు మెత్తగున్నది, మార్చు. మీ ఉస్తాద్‌కు నేను చెప్పలే."

ఎంత నంగనాచి అనుకున్నాను. నా చేతనే తాళం విప్పించి, పొందిక చెడగొట్టి, నేను మళ్ళీ బిగించేలోపు తనది ముందుకు తోస్తుంది. ఇదీ ఆమె ఎత్తు! "సరే ఆపా, చూస్త" అన్నాను. చూడలేదు. ఒక్క దెబ్బ కొట్టి చూసేందుకు కూడా నాకు మనసొప్పలేదు.

మరుసటి రోజు ఉస్తాద్ రెండు తాళాలనూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేళ్ళతో చాలాసేపు తడిమాడు. చెవులు తిప్పాడు, చక్రాలు తిప్పాడు. చివరికి, "నీదే బిగియ్యి బిడ్డా" అని నాది నాకు అందించాడు. "మంచిగైంది తమ్మీ" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు నటన అని తీర్మానించుకున్నాను. ఎదురుగా ఉన్న మిఠాయి దుకాణం నుంచి జిలేబీ తెచ్చి, కావాలనే మొదట ఆమెకే పెట్టాను. ఆమె తన తాళాన్ని తన బట్టల సంచికి బిగించుకుని భూపాలపల్లి పోయింది.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం దుకాణంలో ఒక్కణ్ణే ఉన్నాను. కింది చక్రాలకు గ్రీజు పెట్టమని ఉస్తాద్ పెట్టెను పంపాడు. గ్రీజు పెట్టాను. తాళం వైపు చూశాను. స్క్రూడ్రైవరు పిడితో వెనక నుంచి ఒక్కటి కొట్టాను. టక్కుమని తెరుచుకుంది. మూసి మళ్ళీ కొట్టాను. మళ్ళీ తెరుచుకుంది. ఐదుసార్లు కొడితే ఐదుసార్లూ తెరుచుకుంది. విమానంలోకి సామాన్లు విసిరే తీరు అందరికీ తెలిసిందే. ఆ పెట్టెలో అక్కడ కట్టుకోవాల్సిన వాళ్ళిద్దరి ఇహ్రాం బట్టలుంటాయి, ఉస్తాద్ షుగరు మందులుంటాయి.

బాగుచేయడానికి ఒక పూట చాలు. కానీ తాళం విప్పితే ఎందుకని ఉస్తాద్ అడుగుతాడు. ఆపా చెప్పింది నిజమేనని ఒప్పుకోవాలి. అది నావల్ల కాదు. పెట్టె మూసి, పైన గుడ్డ కప్పి, చేతులు కడుక్కున్నాను.

ప్రయాణం దగ్గర పడింది. మక్కాకు పోయేవాళ్ళు వెళ్ళేముందు తెలిసినవాళ్ళందరి దగ్గరికీ పోయి, తెలిసీ తెలియక అన్నదీ చేసిందీ మాఫ్ చేయమని అడిగి పోతారు. ఆ పని మీద ఉస్తాద్ భూపాలపల్లిలో వియ్యంకుల దగ్గరికి బయలుదేరాడు. ఖాలా, నేను తోడు. "పెట్టె గూడ పట్టు. బస్సుల పోయొస్తే తాళం సంగతి తెలుస్తది" అన్నాడు.

హనుమకొండలో బస్సు మారాం. పెట్టెను నేను కింద పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని, తాళం మీద అరచెయ్యి అదిమి కూర్చున్నాను. ప్రతి గతుకుకూ అరచేతి కింద గొళ్ళెం కదిలినట్టే అనిపించింది. కండక్టరు ఆగి, "అన్నా, కింద పెట్టరాదే? ఏమన్న బంగారమున్నదా ఏంది?" అన్నాడు. బస్సులో నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "గట్లనే పట్టుకోని. వానికి నా పెట్టె అంటే పానం" అని కండక్టరుతో అన్నాడు.

భూపాలపల్లిలో ఆపావాళ్ళ క్వార్టరు. భోజనాలయ్యాక ఉస్తాద్ వియ్యంకులను అడిగాడు, పక్కింటివాళ్ళను అడిగాడు, అల్లుణ్ణి అడిగాడు. ప్రతివాళ్ళూ ఆయన చేతులు పట్టుకుని "మాఫ్, మాఫ్" అన్నారు. చివరికి వరండాలో పెట్టె పక్కన కూర్చున్న నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బిడ్డా, నీతోని ఒక అబద్ధమాడిన. మాఫ్ చెయ్యి."

"మీరేం అబద్ధమాడుతరు ఉస్తాద్?"

"తాళం నా బిడ్డదే మంచిగుండె. చేతులకు తీసుకున్నప్పుడే నాకెర్కైంది. పదిహేనేండ్లు నన్ను పట్టుకోని ఉన్నవ్, చిన్నబోతవని నీది బిగియ్యమన్న. గీ అబద్ధం మోసుకోని గక్కడికి పోలేను."

మొదట నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ అబద్ధమేదో మోసుకునే పోరాదా! నాకున్నది అదొక్కటే కదా! ఆయన నా చేతులు వదల్లేదు. మాఫ్ అంటానని, మసకబారిన కళ్ళతో నా ముఖం వైపు చూస్తున్నాడు. ఇక దాచుకోలేకపోయాను.

"ఉస్తాద్, నా తాళం ఎన్కనుంచి కొడితే తెర్సుకుంటది. నాకెర్కే. ఎర్కుండే పెట్టెకు ఉంచిన. నన్నే మాఫ్ చెయ్యుండ్రి."

"ఎట్లెర్కైంది?"

"ఆపా ముందే చెప్పింది. మీకు చెప్పకుండ నాకే చెప్పింది. నేనే ఇనలే."

ఆయన నా చేతులు మెల్లగా వదిలేశాడు. "గట్లైతే నన్నేంది అడుగుడు? పోయి ఆమెనడుగు" అన్నాడు.

ఆపా వెనక పెరట్లో తీగ మీది బట్టలు తీస్తోంది. దోవలోనే మాటలు కూర్చుకున్నాను. ఆమె తిడుతుంది, నేనూ ఒకటి అంటాను, ఎక్కడో ఒకచోట సమానమవుతాం అనుకున్నాను. జరిగింది చెప్పాను. మాఫ్ చేయమన్నాను. ఆమె దుప్పటి మడత పూర్తిచేసి భుజాన వేసుకుంది.

"గంతేనా తమ్మీ? జిలేబీ పెట్టిననాడే నాకెర్క, నువ్వు మార్చలేదని. ఇయ్యాల పొద్దుగాల్నే నా సంచికున్న తాళం ఇప్పి పెట్టిన. పా, నువ్వే బిగియ్యి, నీ చేతికి స్క్రూలు మంచిగ పడ్తయ్."

ఒక్క మాట ఎత్తిపొడవలేదు. తిట్టి ఉంటే పట్టుకోవడానికి నాకు ఏదో ఒకటి మిగిలేది. వరండాలో నా తాళం విప్పి, ఆమె తాళం పెట్టెకు పెట్టి, నాలుగు స్క్రూలూ నేనే బిగించాను. ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్క స్క్రూ అందించింది. ఆమె చోట నేనుంటే మాఫ్ చేసేవాణ్ణి కానని బిగిస్తున్నంతసేపూ నాకు తెలుస్తూనే ఉంది. అందుకు కూడా ఆమెను చూసి కుళ్ళుకున్నాను.