గూడ్సు పెట్టెలో ఎదుర్కోలు

మొన్న మాఘమాసంలో మా పిన్ని మనవరాలి పెళ్ళికి తాడేపల్లిగూడెం వెళ్ళాను. కారు కొత్త వంతెన ఎక్కి పట్టాలు దాటుతుంటే, కింద మా పాత రైలు గేటు ఎక్కడుండేదో చూద్దామని మెడ సాచేలోగా అవతల దిగిపోయాం. పెళ్ళి మండపం చూశాక మాత్రం నాకు నవ్వాగలేదు. అద్దాల తలుపులు, చల్లగాలి, రంగు దీపాలు, అంతా బాగానే ఉంది గానీ, అది ఒకప్పుడు మా తాతయ్య గుమస్తాగా పనిచేసిన రైసు మిల్లు! వధూవరుల కుర్చీలు వేసిన చోట ఆ రోజుల్లో గూడ్సు బండికి బస్తాలెక్కించే ఎత్తరుగు ఉండేది. మా పిన్ని పెళ్ళి నిలబడిందంటే కొంత ఆ అరుగు చలవే.

ఇది రెండో యుద్ధం రాకముందు, ముప్ఫైల నాటి మాట. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. మన ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, గూడెం అంటే రైలు, రైలంటే మిల్లులు. స్టేషను దాటగానే పెద్ద లైను నుంచి ఒక పట్టా చీలి, గేటు మీదుగా, మా అమ్మమ్మగారి పెరటిగోడ పక్కనుంచి మిల్లులోకి పోయేది. మిల్లు కూత వినబడితే వంటింట్లో ఎసరు పెట్టేవారు. గూడ్సు కదిలితే అటక మీది ఊరగాయ జాడీలు గణగణలాడేవి. బొగ్గు నుసి పడుతుందని మడిబట్టలు పెరట్లో ఆరేసేవారు కాదు. అయినా ఆ ఊకపొగా, ఆ ఉడికిన ధాన్యం వాసనా లేనిదే మా అమ్మమ్మకి నిద్ర పట్టేది కాదు. కొల్లేటికోటలో చుట్టాలింటికి వెళితే రెండో రోజుకే, అంత నిశ్శబ్దంలో మనుషులెలా బతుకుతారమ్మా అనుకుంటూ తిరిగొచ్చేసేది.

పిన్నికి ఏలూరు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు బళ్ళో మాస్టారు, బంగారంలాంటి మనిషని అందరూ అన్నారు. చిక్కల్లా ఆయన తండ్రితోనే. పెద్దకొడుక్కి చూసిన మొదటి సంబంధంలో, కాఫీ చల్లారిందని పీటలదాకా వచ్చిన పెళ్ళిని వదిలేసి బండి కట్టించుకున్న ఘనుడాయన. ఇక్కడా అలా జరిగితే మా పిల్ల గతేం కానని ఇంటిల్లిపాదికీ గుండె దడ. పిన్ని అయితే ఆ వారమంతా కాఫీ గిన్నె దగ్గరికే వెళ్ళలేదు, పాపం.

పెళ్ళినాటి సాయంత్రం మగపెళ్ళివారు ప్యాసింజరు దిగారు. వాళ్ళ విడిది గేటుకి ఇవతల, మా వీధిలోనే. పానకం బిందెలతో, సన్నాయి మేళంతో మేము ఎదురువెళ్ళాం. పన్నీరుబుడ్డి నా చేతిలోనే ఉంది. తీరా వెళ్ళేసరికి గేటుకి అడ్డంగా ఖాళీ గూడ్సు పెట్టెల బారు! వాటిని మిల్లులోకి తొయ్యాల్సిన ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి పోయింది. అవతల వాళ్ళు, ఇవతల మేము, పైగా రాహుకాలం ముంచుకొస్తోంది. మంచికే అనుకుని మా మామయ్య, పెట్టెల కిందనుంచి కాస్త వంగి వచ్చేయండి అని ఒక కేక వేశాడు. అంతే, అగ్గి రాజుకుంది.

"పెళ్ళికొడుకుని కుక్కపిల్లలా దూరి రమ్మంటారా అండీ? పదండ్రా, తిరుగు బండి ఉంది!" అంది అవతలినుంచి పెళ్ళికొడుకు తండ్రి గొంతు.

అప్పుడు అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ముందుకొచ్చింది. "ఒక్క క్షణం ఆగండి అన్నయ్యగారూ! మీకోసం మందిరం సిద్ధం చేయిస్తున్నాం" అని అరిచి, తాతయ్యవైపు తిరిగి, "ఏవండీ, చూస్తారేం? పెట్టెకి రెండు వైపులా తలుపులుంటాయి కదా, అందులోనే ఎదుర్కోలు కానిచ్చేద్దాం" అంది.

మిల్లు హమాలీలు చకచకా రెండు తలుపులూ లాగి, బస్తాలు మోసే బల్లలు అటొకటి ఇటొకటి ఆనించి, లోపల కొత్త గోనెలు పరిచేశారు. అటునుంచి జరీ తలపాగాతో ఆయన, ఇటునుంచి మా తాతయ్య, దర్జాగా ఎక్కారు. వాళ్ళ వెనకే పెళ్ళికొడుకు, సన్నాయి మేళం, పన్నీరుబుడ్డితో నేనూ ఎక్కేశాం. ఆ ఇనప్పెట్టెలో సన్నాయి మోగుతుంటే, అబ్బ, ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి! కాళ్ళకింద తవుడు, గాలిలో పన్నీరు. అందరూ అన్నీ గుర్తుపెట్టుకున్నారు గానీ, ఇంజను సంగతి మరిచిపోయారు.

అది వచ్చి తగులుకోవడంతో పెద్ద కుదుపు. గ్లాసెడు పానకం ఆయన కోటు మీద! బల్లలు జారి పడ్డాయి. బండి కదిలింది. సన్నాయి అతను మాత్రం ఒక్క స్వరం తప్పకుండా వాయిస్తూనే ఉన్నాడు. పట్టాల పక్కన బియ్యం చెరుగుతున్న ఆడవాళ్ళు చేటలు వదిలేసి విరగబడి నవ్వారు. మా పెరటిగోడ వెనక బాసికం కట్టుకున్న పిన్ని రోలెక్కి నిలబడి ఉంది. తలుపు పట్టుకుని నిలబడ్డ పెళ్ళికొడుకు ఆమెను చూశాడు. పెళ్ళిచూపుల్లో తలెత్తని మా పిన్ని ఆయన్ని చూసింది అప్పుడే. ఆయన ఫక్కున నవ్వాడు. ఈవిడ పమిట సర్దుకుని చటుక్కున కిందికి దూకేసింది.

బండి సరిగ్గా మిల్లు అరుగు పక్కన ఆగింది. పిన్ని మామగారు వంగకుండా, దూకకుండా అరుగు మీదికి అడుగుపెట్టి, కోటు దులుపుకున్నారు.

"ఏవండీ బావగారూ, ఏనుగుల మీద ఎదుర్కోళ్ళు చూశాను గానీ, మాకోసం స్పెషలు రైలే వేయించారా అండీ!" అన్నారాయన.

జన్మలో అబద్ధమాడని మా తాతయ్య, "తమ హోదాకి ఆమాత్రం చేయొద్దా అండీ" అనేశాడు. పిన్ని మామగారు బతికున్నన్నాళ్ళూ ఏలూరులో కనబడ్డవాళ్ళందరికీ ఆ స్పెషలు రైలు గురించి చెప్పుకున్నారు. బాబాయి కూడా ముసలితనం వచ్చాక సైతం గూడ్సు కూత వినబడితే చాలు, "మీ పుట్టింటి పల్లకీ వచ్చిందోయ్" అని పిన్నిని ఉడికించేవాడు.

మొన్నటి పెళ్ళిలో ఎదుర్కోలు కూడా ఘనంగానే జరిగింది. పెద్ద పెద్ద పాటల పెట్టెలు పెట్టారు, ఫోటోలవాడు చెప్పినట్టల్లా వియ్యంకులు కౌగలించుకున్నారు. ఇప్పుడెవరూ గేటు దగ్గర ఆగక్కర్లేదు, మంచిదే. ఆగినప్పుడు పోగయ్యే జనం, ఆ నవ్వులు, అవి మాత్రం గేటుతోపాటే పోయాయి. బాబాయి పోయి నాలుగేళ్ళయింది. పిన్నికి చెవులు సరిగ్గా వినబడవు. నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి కాళ్ళకింద ఏదో అదిరినట్టు కిందికి చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"గూడ్సేనా, అమ్మడూ?"

"గూడ్సే పిన్నీ" అన్నాను.

పిన్ని పమిట సర్దుకుంది.