తువ్వాలు వేసిన అకారం

పేటకూ నందిగామకూ నడుమ, హైవే పక్కనున్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో కనకవల్లి పద్దెనిమిదేళ్ళుగా తెలుగు పండితురాలు. పేట అంటే జగ్గయ్యపేట. ఆ దారిన పూర్తి పేరు బస్సు బోర్డు మీద కనిపించవలసిందే తప్ప ఎవరి నోటా వినిపించదు. ఆమె రోజూ నందిగామలో ఎనిమిదింబావుకు బస్సెక్కి, తొమ్మిదింటికి బడి ముందు దిగి, తొమ్మిదీ అయిదుకు హాజరుపట్టీ తెరిచేది. బస్సు ఆలస్యమైన రోజున, ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో తన పేరు ఎదుట తానే రాసుకునేది. రాయమని ఎవరూ అడగలేదు.

పేపర్లు దిద్దడంలో ఆమెకొక పేరుంది. రావలసిన అర మార్కు తగ్గించదు, రాని అర మార్కు కలపదు. మిగతా సబ్జెక్టుల మాస్టర్లు ఇరవై ఎనిమిది, ముప్పై వచ్చిన పిల్లలకు చూసీ చూడనట్టు ముప్పై అయిదు వేసి పంపేవారు. తెలుగులో ఆ వెసులుబాటు లేదన్న సంగతి పిల్లలకు ఆరో తరగతిలోనే తెలిసిపోయేది.

1998 ఫిబ్రవరిలో ప్రధానోపాధ్యాయుడు దశరథరామయ్య ఆమెను గదిలోకి పిలిచి ఒక తెల్లకాగితం ఇచ్చాడు. ఆమె తొమ్మిదో తరగతి బి సెక్షనుకు క్లాస్ టీచర్. పదిలోకి వెళితే తప్పేవాళ్ళు ఎవరో ముందే చూసి, వాళ్ళను తొమ్మిదిలోనే ఆపేస్తే బడి ఉత్తీర్ణత శాతం నిలుస్తుంది. ఇది చాలా బడులలో జరిగేదే, ఏ ఉత్తర్వులోనూ ఉండేది కాదు.

“పేర్లు రాసివ్వండమ్మా. తారీఖు వెయ్యకండి,” అన్నాడాయన.

కనకవల్లి ఒకే పేరు రాసింది: గీతాంజలి.

“ఒక్కరేనా? ఇంకా నలుగురు ఉండాలే?”

“మిగతావాళ్ళు చదవరండీ. చదివితే వస్తుంది. ఈ పిల్ల చదువుతుంది, రాదు.”

ఆ మాట నిజం. గీతాంజలికి అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు. ఒత్తు ఒక అక్షరం కింద మొదలుపెడితే పక్క అక్షరం కింద తేలేది. మూడు నెలల పరీక్షలో తెలుగులో పన్నెండు, ఆరు నెలల పరీక్షలో పంతొమ్మిది వచ్చాయి.

“సరే. ఏప్రిల్లో ముప్పై అయిదు తెచ్చుకుంటే ఈ కాగితం చించేస్తా,” అన్నాడు దశరథరామయ్య. ఆయన చెడ్డవాడు కాడు. ఆయన శాతాన్ని ఆయన పైవాళ్ళు అడిగేవారు.

కబురందుకుని గీతాంజలి తండ్రి సాంబయ్య వచ్చాడు. నాలుగెకరాల మిరపతోట ఉన్న రైతు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండానే మాట్లాడాడు.

“ఆపితే ఆపండి పంతులమ్మగారూ, మిమ్మల్ని తప్పుబట్టను. కానీ మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెట్టను. సిగ్గుపడి చస్తది. కాయకోతకు మనుషులు దొరకట్లా, చేలోకి తీసుకుపోతా.”

“ఇంకా రెండు నెలలుంది సాంబయ్యగారూ.”

“పదేళ్ళ నుంచీ చదువుతుందిగదండీ. రెండు నెలల్లో ఏమొస్తది?”

ఆపడమంటే మాన్పించడమేనని ఆమెకు స్పష్టమైంది. జాబితాలో ఆ పేరు రాసిన చెయ్యి తనదే.

మరునాటి నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ గీతాంజలిని విడిగా కూర్చోబెట్టి సంధిసూత్రాలు రాయించింది. ఒక్కొక్క సూత్రం పదేసి సార్లు. ఇరవై రోజులు గడిచాయి. ఇరవయ్యో రోజున ఆ పిల్ల ‘సంధి’ అన్న మాటనే ఒకే పుటలో మూడు రకాలుగా రాసింది. మూడింటిలో ఏదీ సంధి కాదు. తక్కిన పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూసేవారు. గీతాంజలి అన్నం తినడం మానేసింది.

మార్చి మొదటివారంలో కనకవల్లి నల్లబల్ల మీద ‘రాముడతడు’ అని రాసి, పైకి చదివి, అక్కడ ఏం జరిగిందో చెప్పమని గీతాంజలిని లేపింది.

“తువ్వాలేసిందండి,” అంది గీతాంజలి.

తరగతి గొల్లుమంది. పేట బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం అక్కడ అందరికీ తెలిసిన విద్యే.

“బెంచీ ఎక్కు,” అంది కనకవల్లి.

ఎక్కింది. పాఠం సాగింది. కొంతసేపటికి, అర్థం అడగకుండానే శిక్ష వేశానన్న సంగతి కనకవల్లికి తోచింది. అన్వయం చూడకుండా వాక్యాన్ని తప్పనడం ఆమెకు నచ్చని పనుల్లో మొదటిది.

“ఎవరు వేశారు తువ్వాలు?”

“అకారమండి. ఉకారం కూర్చున్న సీట్లో. ఉకారం దిగిపోయింది, అకారం కూర్చుంది.”

కనకవల్లి సుద్దముక్క బల్ల మీద పెట్టింది. పూర్వస్వరం లోపించి పరస్వరం నిలుస్తుందని తాను ఇన్నేళ్ళుగా చెబుతున్న దానిలో ఒక్క ముక్క తగ్గలేదు. తువ్వాలు ఒకటి ఎక్కువైంది, అంతే.

“రామ, ఆలయం?”

“ఇద్దరూ ఒకింటోళ్ళేనండి. ఒకే సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.”

“మహా, ఇంద్రుడు?”

“వాళ్ళిద్దరికీ పడలేదండి. కండక్టరు ఇద్దర్నీ లేపేసి ఏకారాన్ని కూర్చోబెట్టాడు.”

“మా, అమ్మ? మాయమ్మ.”

గీతాంజలి కొంచెం ఆలోచించింది. “ఎవురూ లెగవలేదండి. మధ్యలో యకారమొచ్చి సర్దుకుంది.”

“దిగు.”

“బస్సా అండీ?” అన్నాడు వెనక వరసలోంచి ఏసురత్నం.

“బెంచీ,” అంది కనకవల్లి.

మరునాడు ఆమె బెంచీలను రెండు వరసలుగా, నడుమ దారి వదిలి వేయించింది. అట్టపెట్టెలు కత్తిరించి అక్షరాలు రాయించింది. ఎవరి మెడలో ఏ అట్ట ఉంటే వారు ఆ అక్షరం. ఏసురత్నం కండక్టరు. అడగకుండానే ఈల తెచ్చుకున్నాడు. ఎడమ చెవి వినబడని ఉపేంద్ర అంతవరకూ పాఠంలో సగమే అందుకునేవాడు. ఆ రోజు ఎవరు లేచారో, ఎవరు కూర్చున్నారో కళ్ళతో చూసి, నోటు పుస్తకంలో బస్సు సీట్లు గీసి, దిగిపోయిన అచ్చును తలుపు బయట పెట్టాడు. తరగతిలో మొదటి ర్యాంకు మైథిలిది. ఆమె మెడలో ఉకారం పడింది. అకారం వచ్చినా ఆమె లేవలేదు.

“ముందొచ్చింది నేను కదండీ. నేనెందుకు దిగాలి?”

మైథిలికి సూత్రాలన్నీ కంఠతా వచ్చు. ప్రశ్న అడగడం మాత్రం అదే మొదలు. దానికి జవాబు చెప్పడానికి కనకవల్లికి మరునాటి పీరియడంతా పట్టింది.

మధ్యాహ్నపు విడి పాఠం ఆగిపోయింది. అవసరం లేకపోయింది. గీతాంజలి కోసమని తరగతికి తెచ్చిన ఏర్పాటు ముప్పై ఎనిమిది మందికీ పనికివచ్చింది. ఆ పిల్లను వేరుగా కూర్చోబెట్టిన ఇరవై రోజులూ ఎవరికీ పనికిరాలేదు. కనకవల్లి వారపరీక్షల తీరు కూడా మార్చింది. సూత్రాన్ని రాయవచ్చు, సీట్లు గీసి చూపవచ్చు, ఆమె బల్ల దగ్గరకు వచ్చి నోటితో చెప్పవచ్చు. ఏ దారిన వచ్చినా కొలత ఒక్కటే. లోపించినదేదో, నిలిచినదేదో తేలకపోతే సున్న.

“మీ బస్సుకు బ్రేకులున్నాయా అండీ?” అని పక్క గది లెక్కల మాస్టారు ఈలమోత భరించలేక అడిగాడు.

“ఉన్నాయండీ. గంట కొడితే ఆగుతుంది.”

చాలా ఏళ్ళకు, నందిగామలో జరిగిన ఒక శిక్షణ తరగతిలో ఒక యువకుడు ఇటువంటి పద్ధతికి పొడుగాటి పేరు చెప్పాడు: సార్వత్రిక అభ్యసన రూపకల్పన. పాఠాన్ని మొదటే అందరికీ అందేలా కట్టాలి గాని, కట్టేశాక ఒక్కొక్కరికీ మాసికలు వేయకూడదని దాని సారాంశం. కనకవల్లి ఆ పేరును రాసుకుని, పక్కన విగ్రహవాక్యం కూడా రాసి చూసింది. సమాసం నిలబడింది కనుక ఒప్పుకుంది.

కానీ 1998 ఏప్రిల్లో వార్షిక పరీక్ష పేపరు జిల్లా నుంచి అచ్చయి వచ్చింది. అందులో బస్సు లేదు. నోటితో చెప్పే వీలూ లేదు. గీతాంజలి మూడు గంటలూ తల ఎత్తకుండా రాసింది.

కనకవల్లి ఆ పేపరును మిగతావాటి నడుమ, వరస తప్పించకుండా దిద్దింది. సూత్రాలు రాయమన్న చోట ఆ పిల్ల సీట్లు గీసింది. నాలుగు బొమ్మలలోనూ లోపించినదేదో, నిలిచినదేదో తేటగా ఉంది. అడిగింది సూత్రం గనుక, సూత్రం అక్కడ ఉంది గనుక మార్కులు పడ్డాయి. పద్యభావాల్లో సగం వచ్చాయి. వ్యాసంలో చేతిరాత ఆమెను చాలాసేపు ఆపింది. మొత్తం కూడింది. ముప్పై నాలుగు.

మళ్ళీ కూడింది. ముప్పై నాలుగే.

దశరథరామయ్య మార్కుల కాగితం చూసి నిట్టూర్చాడు. “ఒక్క మార్కమ్మా. వేసెయ్యండి, పాపం.”

“రానిది ఎలా వేస్తానండీ?”

“వచ్చిందనుకుని.”

“మార్కుల పట్టీలో అనుకోవడానికి కాలమ్ లేదండీ.”

ఫిబ్రవరి నాటి జాబితా ఆయన సొరుగులోనే ఉంది. సోమవారం ఫలితాలు చదవాలి.

ఆమె స్టాఫ్ రూములో కూర్చుని ఆ పేపరును మొదటినుంచీ, ఈసారి తప్పు కోసం వెతికింది. పిల్ల తప్పు కాదు, తన తప్పు. ఒక మార్కు తొమ్మిదో ప్రశ్నలో ‘మాయమ్మ’ను విడదీసి సంధి పేరు రాయమన్నారు. పాఠ్యపుస్తకంలోనూ, జిల్లా పంపిన జవాబుల పట్టీలోనూ ‘యడాగమ సంధి’ అని ఉంది. మిగతా ముప్పై ఏడు మందిలో రాయగలిగినవాళ్ళంతా అదే రాశారు. గీతాంజలి మాత్రం ‘మా, అమ్మ’ అని విడదీసి, ‘సంది కాదు’ అని రాసింది. ఎర్ర సిరాతో సున్న వేసింది తానే.

ఎవురూ లెగవలేదండి.

కనకవల్లి కలం మూత పెట్టింది. ఆ మార్కు నిజంగా ఉన్నదో, ఉండాలని తనకు అనిపిస్తోందో ఆమెకు తేలలేదు. తేలనప్పుడు దిద్దకూడదు.

ఆదివారం ఉదయం, తనకు వ్యాకరణం చెప్పిన రామబ్రహ్మంగారింటికి వెళ్ళింది. ఆయన ఉద్యోగం చాలించి నందిగామలోనే ఉంటున్నారు. ప్రశ్ననూ, జవాబునూ మాత్రమే ఒక చీటీ మీద ఎత్తి రాసి ఇచ్చింది. రాసిందెవరో, మార్కులెన్నో చెప్పలేదు.

“ఒప్పా, తప్పా అండీ?”

ఆయన చీటీని దూరంగా పెట్టి చూశారు. “సంధి లేని చోటనే కదమ్మా యడాగమం వచ్చేది? మరి యడాగమ సంధి అంటే ఏమిటి, సంధి కాని సంధా? ఈ ముక్క నీకు నేను డెబ్బైరెండులోనే చెప్పాను.”

“చెప్పారండి.”

“మరి నువ్వు బళ్ళో ఏమని చెబుతున్నావు?”

“పుస్తకంలో ఉన్నట్టండి.”

“ఊఁ. అయితే ఇది రాసినవాడు పుస్తకం చదవలేదన్నమాట.”

“లేదండి. చదవడం సరిగా రాదు.”

రామబ్రహ్మంగారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని చీటీ చూశారు. “ఇందులో సంధికి ధకారం లేదు. సంది అంటే సందుగొందులలో సంది.”

“అర మార్కు తీసేస్తానండి.”

“తియ్యి,” అన్నారాయన. “కాఫీ తాగి వెళ్ళు.”

సోమవారం ఉదయం ఆమె సున్నను కొట్టివేసి, అర వేసి, పక్కన సంతకం చేసింది. ముప్పై నాలుగున్నర. అర మిగిలితే పూర్తి మార్కుగా లెక్కించాలన్నది ఆ బడిలో అందరి పేపర్లకూ ఉన్న నియమమే. ముప్పై అయిదు. పుస్తకాన్ని నమ్మి ‘యడాగమ సంధి’ అని రాసినవారి మార్కులు కదపలేదు. వారి తప్పుకు బాధ్యత తనదేనని జిల్లా పరీక్షల సంఘానికి ఒక ఉత్తరం రాసింది. జవాబు రాలేదు.

దశరథరామయ్య సొరుగులోంచి జాబితా తీసి నిలువునా చించాడు.

“ఆ మార్కేదో శుక్రవారమే వేసుంటే సరిపోయేది కదమ్మా.”

“శుక్రవారానికి అది మార్కని నాకు తెలియదండీ.”

వరండాలో సాంబయ్య చెప్పులు చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. గీతాంజలి స్తంభం వెనకనుంచి చూస్తోంది.

“ఏమైందండీ పంతులమ్మగారూ?”

“పది చదవాలి. జూన్‌లో పంపండి.”

సాంబయ్య చెప్పులు కింద వేశాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ వేసి తొడుక్కున్నాడు. కనకవల్లి స్తంభం వైపు తిరిగింది.

“తొమ్మిదో ప్రశ్నలో నువ్వు రాసింది ఒప్పు. పుస్తకమే తప్పు. కానీ ధకారం రాయలేదు, అర మార్కు తీశా.”

గీతాంజలి బయటికి వచ్చింది. “తీసినా పాసేనాండీ?”

“పాసే.”

“అయితే తీసుకోండి,” అంది గీతాంజలి.