కొత్తగా కోసిన ఉల్లిగడ్డ

కాలిన పెనం మీద ఉల్లిగడ్డ చెక్కతో నూనె రుద్దితే వచ్చే వాసన చాలామందికి ఆకలి పుట్టిస్తుంది. నాకు మాత్రం గుండెదడ పుట్టిస్తుంది. ఈ రోజూ అంతే. వనపర్తిలో మా వంటింట్లో అలసందలు, జొన్నపిండి కలిపి తట్టిన బర్గర్ బిళ్లలు కాలుస్తున్నాను. మా అమ్మాయి శ్రావ్య మొదటిసారి నేను లేకుండా పెబ్బేరులో స్నేహితురాలి ఇంట్లో ఒక రాత్రి ఉండబోతోంది. "అమ్మా, మాడుతున్నయ్!" అని అది అరిచేదాకా నేను ఈ లోకంలో లేను. మా పాత వీధిలో, చెన్నమ్మక్క రొట్టెల పొయ్యి దగ్గర ఉన్నాను.

శ్రావ్యకు పాలు, గుడ్డు పడవు. పసితనంలో ఎవరో ముద్దుకొద్దీ వేలితో పెరుగు నాకిస్తే పెదవులు ఉబ్బి, ఊపిరాడక నీలబడిపోయింది. ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తాం. చుక్క కూడా తగలకూడదన్నారు డాక్టరు. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే కదా. ఆ తర్వాత పిల్లను ఏ పెళ్లికీ పేరంటానికీ తీసుకెళ్లలేదు. పక్కింటివాళ్లు ఏమైనా పెడితే దండం పెట్టి తిప్పి పంపేదాన్ని. లింగాల నుంచి వచ్చి మా పక్క గదిలో అద్దెకుంటూ, జొన్నరొట్టెలు కాల్చి అమ్మే చెన్నమ్మక్కకు ఇదంతా చాదస్తంగా తోచింది. "పాలు పడకపోవుడేంది చెల్లె? గిట్ల భయపడుకుంట కూసుంటే పిల్ల బతుకుడెట్ల?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. దవాఖాన సంగతంతా విన్నాక ఆమె మళ్లీ ఆ మాట అనలేదు.

మూడో తరగతిలో శ్రావ్య పుట్టినరోజుకు బర్గర్ అడిగింది. బేకరీ బన్నులో పాలపొడి, పైన వెన్న. వద్దన్నాను. అది ఏడ్చినా బాగుండేది. "పోనీ, నా దోస్తులు తింటుంటే చూస్త" అంది. ఆ మాట విన్న చెన్నమ్మక్క కొంగు దోపింది. "గదేమన్న బ్రహ్మవిద్యనా? మనమే చేద్దాం. జర ఫోన్ల చూపియ్యి." ఉడికించిన అలసందలు మెదిపి, ఉడికిన జొన్నలు, పచ్చిమిర్చి కలిపి పెనం మీద వేస్తే బిళ్ల కాస్తా పొడిపొడిగా రాలిపోయింది. "అక్కా, ఇవి బర్గర్లు కావు, గుగ్గిళ్లు" అన్నాను. ఆమె నవ్వి, రొట్టెకు చేసినట్టే జొన్నపిండిలో మరిగే నీళ్లు పోసి, ఆ జిగురు పిండిని అలసందల్లో కలిపి బిళ్లలు తట్టింది. ఈసారి నిలిచాయి. బన్నుకు బదులు అరచేతి వెడల్పున మందపాటి రొట్టెలు చేసింది.

పుట్టినరోజు సాయంత్రం పిల్లలంతా ఆమె పొయ్యి చుట్టూ చేరారు. పెనం నేనే తోమాను. గిన్నెలు నేనే కడిగాను. అయినా నా కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి. ఆమె ఉల్లిగడ్డ చెక్కను నూనెలో ముంచి పెనం మీద రుద్ది, బిళ్ల కాల్చి, రొట్టెల మధ్య పెట్టి శ్రావ్యకు ఇచ్చింది. అది నోరు తెరిచింది.

"బిడ్డా, తినకు!"

చెన్నమ్మక్క ఒక్క దెబ్బతో ఆ రొట్టెను కింద పడగొట్టింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. "నాదే తప్పు. పగటాల ఒకాయన నెయ్యి తెచ్చుకుంటే, గీ చెక్కనే ముంచి ఆయన రొట్టెకు రుద్దిన" అంది, అందరి ముందూ. ఆ మాట దాచుకుంటే మాకెవరికీ తెలిసేది కాదు. పిల్లను చంకనేసుకుని వెళ్లిపోబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నాకూ భయమైతుంది చెల్లె. ఉండు. మీ ఇంట్ల పెనం తే. కొత్త ఉల్లిగడ్డ కోస్త. నువ్వు పక్కనే కూసోని చూడు."

వెళ్లిపోదామనే అనుకున్నాను. శ్రావ్య ముఖం చూసి, ఇంటికి పరుగెత్తి పెనం తెచ్చాను. ఆమె ఆ నూనె పారబోసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, అన్నీ మళ్లీ మొదలుపెట్టింది. పిల్లలందరితో కలిసి నా కూతురు ఒకే తిండి తినడం అదే మొదటిసారి. నేను ముద్ద ముట్టలేదు. చీకటి పడేదాకా దాని పెదవులనే చూస్తూ కూర్చున్నాను. నా పక్కనే ఆమె కూడా పొయ్యి ఆర్పేసి కూర్చుంది.

చెన్నమ్మక్క ఇప్పుడు లేదు. నా భయం మాత్రం ఉంది, పోతుందన్న ఆశ కూడా లేదు. ఆ భయాన్ని పక్కన కూర్చోబెట్టుకునే పొయ్యి వెలిగించాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఇవాళ బర్గర్ల డబ్బా సర్దుతూ, పొరపాటున పాలు తగిలితే వేసుకోవాల్సిన మందు సంచిలో ఏ అరలో ఉందో శ్రావ్యకు మళ్లీ చెప్పాను. "ఎన్నిసార్లు చెప్తవమ్మా!" అంటూ అది చిన్న పెనం సంచిలో పెట్టుకుంది. తర్వాత బుట్టలోంచి ఒక ఉల్లిగడ్డ తీసింది.

"డబ్బా నిండ ఉన్నయి గదనే. అదెందుకు?"

"రేపు పొద్దుగాల వాళ్లింట్ల అందరికీ నేనే చేస్తనన్న. ఉల్లిగడ్డ నేనే కోసుకుంట."

వద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, దాని సంచిలో ఇంకో ఉల్లిగడ్డ వేశాను.